జరగని మీటింగుల మినిట్స్

మా క్యాంపస్‌లో సమాన అవకాశాల విభాగానికి ఒక బోర్డు, ఒక తాళం, ఒక కోఆర్డినేటరు ఉండేవి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో నేను ఆ విభాగానికి విద్యార్థి సభ్యుణ్ణయ్యాను. ఎన్నిక లేదు, దరఖాస్తు లేదు. కోఆర్డినేటరు సారు క్లాసులోకి వచ్చి, "పల్లెటూరు, తెలుగు మీడియం, ఇంట్లో మొదటి డిగ్రీ. ఈ మూడూ కలిసి ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగారు. మూడు గడులు నింపడానికి ముగ్గుర్ని వెతకడం ఎందుకు, ఒక్కడితో సరిపెడదామని ఆయన ఆలోచన. నేను చెయ్యెత్తాను. డాక్టరు రోగాలు అడిగినట్టు అడిగారు కాబట్టి మందు కూడా ఇస్తారనుకున్నాను.

ఆ సారే మా డిపార్టుమెంటుకి హెడ్డు కూడా. చెడ్డవాడని చెప్పడానికి లేదు. ఎవరినీ తిట్టరు, ఎవరి మీదా చెయ్యెత్తరు. అడిగిన ప్రతిదానికీ చిరునవ్వుతో "రూల్ ఒప్పుకోదు" అంటారు. తిట్టేవాడి మీద పగ తీర్చుకోవడం తేలిక, ఎదురు తిడితే సరిపోతుంది. నవ్వేవాడితోనే కష్టం.

నా పగకి కారణం నా క్లాసులో ఉండి కూడా క్లాసులో ఎప్పుడూ లేని ఒక అమ్మాయి. ఆమెది నౌపడ. తండ్రి ఉప్పు మళ్లలో పని చేస్తాడు. మూడేళ్ల వయసులో జ్వరమొచ్చి కాళ్లు రెండూ పడిపోయాయట. చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద క్యాంపస్ అంతా తిరిగేది. బండికి బెల్లు లేదు. "తప్పుకోండ్రా, బ్రేకు సరిగ్గా నేదు" అని అరిచేది. బ్రేకు బాగానే ఉండేది. అలా అంటే తొందరగా తప్పుకుంటారని అనేది.

మా క్లాసు రెండో అంతస్తులో. లిఫ్టు కోసం గోడ కట్టారు, గొయ్యి తవ్వారు, లిఫ్టు మాత్రం రాలేదు. ఆ గొయ్యి నిండా విరిగిన బెంచీలు పడేశారు. అందుకని ఆమె రోజూ తొమ్మిదిన్నరకి వచ్చి మెట్ల కింద బండి ఆపుకుని కూర్చునేది. గొంతు పెద్దదున్న మేష్టర్ల పాఠాలు కిందికి వినపడేవి. గొంతు లేనివాళ్ల పాఠాలు మేము ఫోనులో రికార్డు చేసి తెచ్చేవాళ్లం. మా క్లాసులో అందరికన్నా ఎక్కువ పాఠాలు విన్నది ఆమే. హాజరు పట్టీలో మాత్రం జూలై నుంచి డిసెంబరు దాకా వరసగా ఆబ్సెంట్.

హాజరు తక్కువైతే హాల్‌టికెట్టు రాదు. హాల్‌టికెట్టు రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే మళ్లీ పంపేది లేదని ఇంట్లో ముందే చెప్పేశారు. నౌపడ నుంచి ఇంతదూరం పంపడానికే వాళ్ల వీధిలో చాలామందికి జవాబు చెప్పుకోవలసి వచ్చిందట.

ఒకరోజు అర్జీ పట్టుకుని సారు గదికి వెళ్లింది. బండి గడప దాటించడానికి నేను కూడా వెళ్లాను.

"అనారోగ్యం ఉంటేనే హాజరు మినహాయింపు అమ్మా. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకో. ఏమిటి నీ జబ్బు?"

"జబ్బేటీ నేదండి."

"మరి సర్టిఫికెట్ ఎలా ఇస్తారు?"

"ఇవ్వరండి. కింద గదిలో క్లాసు ఎడితే సర్టిఫికెట్టు కూడా అక్కర్నేదండి."

"కింద గదులు ఖాళీ లేవు."

ఈ మాట ఆయన కింది అంతస్తులోని తన గదిలో కూర్చునే అన్నారు. నలభై మంది పట్టే గది. అందులో ఒక టేబులు, ఒక సోఫా, ఒక ఏసీ, కుండీలో ఒక తీగ. తీగ మాత్రం బాగా పెరిగింది.

ఇది ఒక కారణం. ఇంత మాత్రానికే పగ పట్టేటంత పౌరుషం నాకు లేదు. అసలు కారణం ఫొటో.

క్యాంపస్ గురించి పుస్తకం ఒకటి అచ్చు వేస్తున్నారు. అందులో సమాన అవకాశాల విభాగానికి ఒక పేజీ, ఆ పేజీకి ఒక ఫొటో కావాలన్నారు. ఫొటో రెండో అంతస్తులోని సెమినార్ హాల్లోనే తీయాలి, వెనక తెర బాగుంటుంది. నన్ను చూసి సారు, "మీది శృంగవరపుకోట వైపు కదా? అరకు దారి. తలపాగా కట్టుకో" అన్నారు. మాది వరి పండించుకునే ఇల్లు. మబ్బు లేని రోజు మేడెక్కితే కొండలు కనిపిస్తాయి, కొండకీ నాకూ అంతే సంబంధం. అయినా కట్టుకున్నాను. బాగానే కుదిరింది.

తరవాత ఆమెను పైకి తేవాలి. ఆరు నెలలు పాఠం కోసం పైకి తేవడం కుదరలేదు గానీ ఫొటో కోసం పది నిమిషాల్లో కుదిరింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. నేను వెనక కుడి కాలు. ఆమె బండి, బండిలో ఉన్న సంచి, సంచిలో ఉన్న ఫోను కిందనే ఉండిపోయాయి. ఫొటో తీశారు. అందరం నవ్వాం. కింద పులిహోర పొట్లాలు వచ్చాయని ఎవరో అన్నారు. అందరం దిగాం.

అందరం అంటే కాళ్లున్న అందరం.

క్యాంటీన్ దగ్గర చెట్టు కింద తింటున్నాం. ఒక పొట్లం మిగిలింది. ఎవరిదని అడిగాను, ఎవరూ పలకలేదు, నేనే తినేశాను. మేము దిగి రెండు గంటలు దాటాక మా అటెండరు తాత వచ్చాడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి, ఎప్పుడూ తొందరపడడు.

"బాబూ, పైన ఒక కుర్సీ మర్సిపోనారు," అన్నాడు. "దాన్లో పిల్ల కూడా ఉన్నాది."

మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. హాల్లో ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. తెర ముందు కుర్చీలో ఆమె మేము వదిలిన చోటే ఉంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త సులువయ్యేది.

"ఫొటోలో నాను బాగా పడ్డానేటి?"

"మర్చిపోయాం..."

"పొద్దున్న నీల్లు తాగకుండా వొచ్చినాను, బతికిపోనాను. పులోర బాగుందా?"

బాగుందని చెప్పాను. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాలని అప్పుడు తట్టలేదు. దింపేటప్పుడు కూడా నేను వెనక కుడి కాలే. ఆమె మెడ నా కళ్ల ముందే ఉంది. రెండు అంతస్తులూ తల తిప్పలేదు.

అప్పుడు పట్టుకుంది పగ. న్యాయం కోసమని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, నిజం చెప్పాలంటే నా మీద నాకు వచ్చిన కోపాన్ని మోయలేక తీసుకెళ్లి సారు నెత్తిన పెట్టాను. ఆయన నెత్తి పెద్దది, పడుతుంది అనుకున్నాను.

మొదటి ప్రయత్నంగా ఆయన కారు టైరులో గాలి తీశాను. సాయంత్రం సారు ఏసీ గదిలో కూర్చుని టీ తాగారు. అటెండరు తాత చక్రం ఊడదీసి, ఎండలో హైవే దాకా దొర్లించుకుంటూ తీసుకెళ్లి, గాలి కొట్టించి, దొర్లించుకుంటూ తెచ్చాడు. తెచ్చాక నా దగ్గర ఆగి చెమట తుడుచుకున్నాడు.

"గాలి తీసినోడు ఎవుడో నాకు తెల్దు బాబూ. నీకు కనపడితే ఒక మాట సెప్పు. రేపు ఇంకోటి కూడా తీత్తే, రొండూ ఒక్కపాలే తీసుకెల్తాను."

ఆ విధంగా ఆ క్యాంపస్‌లో పగ కూడా అటెండరు చేతే మోయిస్తారని తెలిసింది. దాంతో ఆ పద్ధతి మానేశాను.

ఫిబ్రవరిలో గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. క్యాంపస్‌లో ఆకులు ఊడ్చారు, చెట్ల మొదళ్లకు సున్నం వేశారు. సారు నన్ను గదికి పిలిచి కొత్త రిజిస్టరు ఒకటి ముందు పెట్టారు.

"మన విభాగం మూడేళ్ల మినిట్స్ చూపించాలి. మీటింగులో ఎవరేం మాట్లాడారు, ఏం తీర్మానించారు, అన్నీ రాసి ఉండాలి. ఏడాదికి నాలుగు. మొత్తం పన్నెండు. సోమవారానికి రాసి తీసుకురా."

"మీటింగులు జరగలేదు కదండీ."

"జరిగినవి రాయడం ఎవడికైనా వస్తుంది. నీకు ఊహ ఉందనే కదా పిలిచాను."

"ఏం రాయమంటారు సార్?"

"విద్యార్థుల సంక్షేమం. కాస్త పెద్ద పెద్ద నిర్ణయాలు రాయి. చూసేవాళ్లకి బాగుండాలి."

ఒక్కమాట అటూ ఇటూ కాకుండా ఆయన చెప్పినట్టే చేశాను.

మొదటి పది మీటింగులూ సజావుగా జరిగాయి. చర్చించారు, అభినందించారు, టీ తాగారు. పాత మీటింగుల పేజీలకి నిజంగానే టీ రాసి ఆరబెట్టాను. నీలం పెన్నుతో ఒక ఏడాది, నల్ల పెన్నుతో ఒక ఏడాది. మా తెలుగు మీడియం ఇంగ్లీషులోనే రాశాను. మా ఇంగ్లీషులో రాసింది మావాళ్లెవరూ చదవరన్న ధైర్యం ఒకటి.

పదకొండో మీటింగు పెట్టే ముందు మెట్ల కిందికి వెళ్లాను. ఆమె బండి చక్రానికి నూనె పెట్టుకుంటోంది.

"ఏటి కావాలో సెప్పు. ఇయ్యాల కమిటీ అంతా నానే," అన్నాను.

"లిఫ్టు రాయి."

"లిఫ్టు రాస్తే లిఫ్టు సూపించాలి. వారంలో ఎక్కడ్నించి తెస్తారే?"

"అయితే గది రాయి."

"ఏ గది?"

ఇద్దరం ఒకే వైపు చూశాం. సారు గది కిటికీ కింద ఏసీ నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి.

"అదేనేటి?" అన్నాను.

"అదే. అటెండెన్సు కూడా రాయి. గది రేపయినా వస్తాది. పోయిన రోజులు ఎవులు తెస్తారు?"

ఆ రెండు మీటింగులూ నా జీవితంలో నేను రాసినవాటిలో మంచివి. పదకొండోదాంట్లో, సభ్యులు గదుల కొరత గురించి చర్చిస్తుండగా గౌరవ కోఆర్డినేటరు గారు లేచి నిలబడి, తమ గదిని తరగతికి ఇచ్చేసి తాము రెండో అంతస్తులోని చిన్న గదికి మారతామని స్వచ్ఛందంగా ప్రకటించారు. సభ్యులు వద్దని బతిమాలారు. ఆయన వినలేదు. చప్పట్లు. టీ. పన్నెండోదాంట్లో, తరగతి జరిగే వేళ మెట్ల కింద ఉన్న విద్యార్థిని తరగతిలో ఉన్నట్టేనని, ఆ మేరకు హాజరు సవరించి పరీక్షల విభాగానికి పంపే బాధ్యత హెడ్డు గారిదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. మళ్లీ టీ. అన్ని మీటింగుల కిందా, చదివి వినిపించగా సభ్యులు సరేనని సంతకాలు చేసిరి అని రాశాను.

అటెండరు తాత రిజిస్టరు చంకన పెట్టుకుని ఏడుగురు సభ్యుల దగ్గరికీ తిరిగాడు. గంటన్నరలో పన్నెండు మీటింగులకి ఎనభై నాలుగు సంతకాలు.

"ఎవులైనా సదివినారా తాతా?"

"ఎవులు సదువుతారు బాబూ? ఒకాయనకి పుస్తకం తలకిందులుగా ఇచ్చినాను. అలాగే ఎట్టేసినాడు."

సారు ఫోనులో మాట్లాడుతూ పెట్టారు. ఆయన సంతకమే అందరికన్నా పెద్దది.

బృందంలో ముగ్గురు వచ్చారు. ఇద్దరు పెద్దాయనలు, వేరే రాష్ట్రం నుంచి ఒక మేడమ్. పెద్దాయనలు రిజిస్టర్ల బరువు చూసి పక్కన పెట్టేస్తున్నారు. మేడమ్ చదువుతోంది. సమావేశ మందిరంలో గోడవారన విద్యార్థి సభ్యుడిగా నేనూ నిలబడి ఉన్నాను. ఆమె తిప్పిన మీటింగులు నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు దగ్గర ఆగింది. కళ్లజోడు తీసి సారు వైపు చూసింది.

"మీ గదిని మీరే ఇచ్చేశారా? ఇన్ని క్యాంపస్‌లు చూశాను, ఇలాంటిది ఎక్కడా చూడలేదు."

సారు నోరు తెరిచారు. ఆయన ఏం అనేవారో ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే పక్కనున్న క్యాంపస్ డైరెక్టరు గారు ముందే అందుకున్నారు. "మా దగ్గర ఇది మామూలే మేడమ్," అన్నారు. "మా సంప్రదాయం."

"ఆ క్లాసు చూడాలి."

"భోజనాలయ్యాక తప్పకుండా."

ఆ రోజు భోజనాలు సాగినంతసేపు మా ఊళ్లో పెళ్లిభోజనాలు కూడా సాగవు. వడ్డించేవాళ్లకి ఏదో చెప్పి ఉంటారు, బృందానికి మూడుసార్లు పెరుగన్నం వేశారు. ఈలోగా సారు టేబులు మెట్లెక్కుతోంది. మోసింది ఆ నలుగురమే. నేను అడిగి మరీ వెనక కుడి కాలు పట్టుకున్నాను. సారు వెనకే ఆయాసపడుతూ వస్తున్నారు. ఆయన సొంతూరు విజయనగరం పక్కనే అని ఎవరో అంటే నమ్మేవాణ్ణి కాదు, అంత పుస్తకం భాష మాట్లాడేవారు. మలుపు దగ్గర టేబులు గోడకి రాసుకుంది.

"ఒరే ఒరే, సూసుకోండ్రా. పాలీసంతా పోతాది," అని అరిచారు సారు.

అందరం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మోశాం.

పై గదిలో పెట్టాక తలుపు దగ్గర నన్ను ఆపారు. గది పడమటి వైపు. మధ్యాహ్నానికే గోడలు కాగుతున్నాయి.

"నువ్వేం రాశావో నాకు తెలీదనుకోకు."

"చదివి వినిపించాం సార్. పుస్తకంలో ఉంది."

"నీ సంగతి ఎలా చూడాలో నాకు తెలుసు."

"అలాగే సార్. సోఫా ఒకటి ఉండిపోయింది, తెచ్చి వింటాను."

సోఫా ఆ గదిలో పట్టలేదు. లిఫ్టు గొయ్యిలో బెంచీల పైన పెట్టాం.

రెండున్నరకి బృందం కిందికి వచ్చేసరికి ఆ ఏసీ గదిలో మా క్లాసు జరుగుతోంది. మొదటి వరసలో, బండి మీద, ఆమె. మేష్టరు ఎప్పుడూ లేనంత బాగా పాఠం చెబుతున్నాడు. మేడమ్ ఆమె పక్కనే వచ్చి నిలబడింది.

"ఎప్పటినుంచి ఇక్కడ క్లాసులు జరుగుతున్నాయి?"

ఇదిగో, నేను ఇన్నాళ్లూ దేనికోసం బతికానో అది వచ్చింది. నా పగ మొత్తం ఆమె నోట్లో ఉంది. "మీరు పెరుగన్నం తినడం మొదలెట్టినప్పటినుంచి" అంటే చాలు. పన్నెండు మీటింగులూ, ఎనభై నాలుగు సంతకాలూ ఒక్కసారి కూలిపోతాయి. సారు తలుపు దగ్గర రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. రుమాలు ఎత్తినచోటే ఆగిపోయింది.

"ఇక్కడ పాఠం చాలా బాగా వినపడుతోందండి," అంది ఆమె, ఇంగ్లీషులో, తొణక్కుండా. "అన్ని తీర్మానాలూ అమలయ్యాయండి. పన్నెండోది ఒక్కటే మిగిలింది. అదేదో తమరు కనుక్కుంటే..."

మేడమ్ రిజిస్టరు తెప్పించుకుని పన్నెండోది చదివింది. సారు వైపు చూసింది.

"ఈరోజే అయిపోతుంది మేడమ్," అన్నారు సారు.

ఐదింటికల్లా అయిపోయింది. జూలై నుంచి ప్రెజెంట్.

బృందం కార్లు గేటు దాటగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఒక్క మాట అంటే ఆయన పని అయిపోను కదే."

"నీ పని కూడా అయిపోను. దొంగ మినిట్స్ రాసినోడివి నువ్వు."

"నాకేటి భయం?"

"నీకేటీ నేదు. పంపించేస్తే ఇంటికెల్లి వరి కోసుకుంటావు. నాను ఇంటికెల్తే మల్లీ గుమ్మం దాటను. నీ కోపం సల్లారడానికి నా ఏడాది కావాలేటి?"

జవాబు ఉన్నట్టు మొహం పెట్టి వచ్చేశాను.

నెల తిరిగేసరికి బృందం నివేదిక వచ్చింది. కోఆర్డినేటరు గారి త్యాగం గురించి ప్రత్యేకంగా ఒక పేరా రాశారు. డైరెక్టరు గారు శాలువా కప్పారు. గేటు దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ వేశారు. నేను పగ తీర్చుకున్న మనిషికి నా కళ్ల ముందే సన్మానం జరిగింది. చప్పట్లు కొట్టమంటే కొట్టాను. పదకొండో మీటింగులో నేను రాసినవే ఆ చప్పట్లు. నా ఇంటర్నల్ మార్కులు ఐదు తగ్గాయి, వాటికి మాత్రం ఏ నివేదికా రాలేదు.

కానీ సన్మానం చేశాక గది వెనక్కి అడగడం ఎలా? అడిగితే ఫ్లెక్సీ దింపాలి. అందుకని ఆయన రోజుకి నాలుగుసార్లు ఆ మెట్లెక్కేవారు. ఏదో ఒక సందేహం ఉన్నట్టు నేను మధ్యాహ్నాలు ఆ గదికి వెళ్లేవాణ్ణి, ఆ ఉక్కలో ఆయన్ని చూడడానికి. అంత నీచంగా ఉండడం కూడా ఒక సుఖమే. అయితే అందులో ఏదో తక్కువైంది. ఏమిటో హాల్‌టికెట్ల రోజు తెలిసింది.

హాల్‌టికెట్ల మీద హెడ్డు స్వయంగా సంతకం పెట్టి స్టాంపు వెయ్యాలని నోటీసు పెట్టారు. అందరం పైకెళ్లి చేయించుకున్నాం. ఆమె ఆ ఏసీ గది గుమ్మంలో బండి ఆపుకుని, అటెండరు తాతని పైకి పంపింది. పైకి రాలేని విద్యార్థిని ఒకరు కింద ఉన్నారని మర్యాదగా చెప్పమంది. శాలువా కప్పించుకున్న మనిషి రాననలేరు కదా. సారు దిగి వచ్చారు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టారు.

"స్టాంపు పడనేదండి," అంది.

"తాత చేత పంపిస్తాను."

"తాత పరీక్షల సెక్షనుకి ఎల్లినాడండి." నిజంగానే వెళ్లాడు. ఎవరు పంపారో నేను అడగలేదు.

సారు ఎక్కి, స్టాంపు పట్టుకుని దిగారు. నొక్కారు. సగం గుండ్రం పడింది, అక్షరాలు పడలేదు. ప్యాడు పైన ఉండిపోయింది. ఆమె ఆ సగం గుండ్రాన్ని చాలాసేపు చూసింది. కాగితం రెండు చేతులతో పట్టుకుని, అలా ఆయన మొహంలోకి చూస్తూ ఊరుకుంది. సారు మళ్లీ మెట్ల వైపు తిరిగారు.

పైన చెప్పుల చప్పుడు మొదటి అంతస్తు దగ్గర ఆగింది. ఊపిరి తీసుకుంటున్నారు కాబోలు. మళ్లీ మొదలైంది.

నేను ఆమె దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "ప్యాడు తెస్తే అయిపోయినట్టేనా? ఇంకేటైనా ఉందా?"

"ఏటీ నేదు," అంది. బండి సంచి తెరిచి, ఇంకా సంతకాలు పడని హాల్‌టికెట్టు జెరాక్సులు తీసి ఒళ్లో సర్దుకుంది. "ఇయి మాత్రం ఇప్పుడే సెప్పను. ఆయన పైకెల్లి కూకున్నాక కబురెడతాను."